మిగతా సగం నువ్వు వెయ్యి

"పది పోస్టుకార్డులు కావాలండీ" అన్నాను.

కౌంటర్లో ఉన్నాయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూశారు. "కాంపిటీషన్‌కా?"

"కాదండీ, ఫ్రెండ్‌కి పంపడానికి."

"ఫోన్ లేదా వాళ్ళకి?"

ఉంది. అసలు గొడవంతా అక్కడే.

పది కార్డులకి ఐదు రూపాయలు తీసుకున్నారు. ఆ డబ్బుకి మన క్యాంటీన్లో టీ కూడా రాదు. ఆ కార్డులు పట్టుకుని నేను తంటాలుపడి నేర్చుకున్న ఒక పని గురించి చెబుదామనే ఈ వ్యాసం. దాన్ని మెయిల్ ఆర్ట్ అంటారు. పోస్టులో పంపడం కోసమే, ఒక మనిషి కోసమే చేసే బొమ్మ అన్నమాట. బొమ్మలు వెయ్యడం రాదు, నాకెందుకులే అని పేజీ తిప్పేయకండి. నాకూ రాదు.

ముందు ఫోన్ గొడవేంటో చెప్తాను. మా రూమ్మేట్ సెకండియర్ రెండో సెమిస్టర్ మధ్యలో ఇంటికెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగోలేదు. వారంలో వచ్చేస్తానంది, రెండు నెలలైంది. అటెండెన్స్ చాలక డిటెయిన్ అయ్యింది. నేను రోజూ వాట్సాప్‌లో "ఎలా ఉన్నావ్?", "అంకుల్‌కి ఎలా ఉంది?", "ఏం కాదులే, జూనియర్స్‌తో రాసేయొచ్చు" అని పెట్టేదాన్ని. నీలం టిక్కులు పడేవి. జవాబు వచ్చేది కాదు. నాకు కోపం కూడా వచ్చింది. తర్వాత ఎప్పటికో బుర్రకెక్కింది. నేను పెట్టే ప్రతి మెసేజీ తనకి ఒక ప్రశ్న. వెంటనే జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి అంత ఓపిక ఎక్కడుంటుంది?

తనని ఏమీ అడగకుండా, తొందరపెట్టకుండా, "నేనున్నాను" అని చెప్పే పద్ధతి ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ఇది దొరికింది.

ఎవరు మొదలుపెట్టారు?

రే జాన్సన్ (1927–1995) అని అమెరికన్ ఆర్టిస్టు ఒకాయన ఉండేవారు. పత్రికల్లోంచి బొమ్మలు, అక్షరాలు కత్తిరించి, వాటి మీద గీతలు గీసి చిన్నచిన్న కొలాజ్‌లు చేసేవారు. వాటిలో చాలావాటిని గ్యాలరీకి ఇవ్వకుండా తెలిసినవాళ్ళకి, ఒక్కోసారి బొత్తిగా తెలియనివాళ్ళకి పోస్టులో పంపేసేవారు. కొన్నిటి మీద ఒక సూచన ఉండేది: దీనికి మీరు ఏదైనా కలిపి నాకు తిరిగి పంపండి అని. కొన్నిటిని ఫలానా మూడో మనిషికి పంపమనేవారు. అలా ఒకే కాగితం నలుగురి చేతుల్లో పడి, నాలుగు రకాలుగా మారేది. అది ఎవరి బొమ్మ అంటే చెప్పడం కష్టం.

ఈ ఉత్తరాల బృందానికి 1960ల్లో 'న్యూయార్క్ కరెస్పాండెన్స్ స్కూల్' అని పేరొచ్చింది. ఆ ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం కావాలని మార్చి, చివర్లో 'డాన్స్' కనిపించేలా రాసేవారు జాన్సన్. పేరుకే స్కూలు. ఫీజు లేదు, పరీక్ష లేదు, అటెండెన్స్ అసలే లేదు. 1970లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో దీని మీద ఎగ్జిబిషన్ పెడితే, గోడల నిండా ఉన్నవి జాన్సన్ పిలుపు అందుకుని జనం పోస్టులో పంపినవే.

తర్వాత ఇది చాలా దేశాలకి పాకింది. మెయిల్ ఆర్ట్ ప్రదర్శనలకి కొన్ని అలిఖిత నియమాలు ఏర్పడ్డాయి. జడ్జీలు ఉండరు. ఎంట్రీ ఫీజు ఉండదు. వచ్చిన ప్రతిదాన్నీ గోడకి పెట్టాలి. పంపింది తిరిగి రాదు. ర్యాంకుల మధ్య పెరిగిన మనకి ఈ మొదటి నియమం ఒక్కటి చాలు, ఊపిరాడ్డానికి.

ఆన్ కవారా అనే జపాన్ ఆర్టిస్టు 1968 నుంచి 1979 దాకా రోజూ ఇద్దరికి పిక్చర్ పోస్టుకార్డులు పంపారు. వాటి మీద ఆయన రబ్బరు స్టాంపుతో కొట్టేది ఒకటే సంగతి: ఈరోజు నేను ఇన్నింటికి నిద్రలేచాను. అంతే. మన హాస్టల్లో ఎవరైనా ఈ పని మొదలెడితే అన్ని కార్డుల మీదా 8:50 అనే ఉంటుంది, అది వేరే విషయం. కానీ ఆలోచించండి. "లేచాను" అంటే "బతికే ఉన్నాను, నువ్వు గుర్తున్నావు" అని కూడా కదా.

దీన్ని సరదా వ్యవహారం అని కొట్టిపారేయలేం కూడా. ఉరుగ్వేలో సైనిక నియంతృత్వం నడుస్తున్న రోజుల్లో, ప్రభుత్వాన్ని ఎత్తిపొడిచే కార్డులూ ఉత్తుత్తి స్టాంపులూ చేసినందుకు క్లెమెంతే పదీన్, హోర్హే కరబాయో అనే ఇద్దరు ఆర్టిస్టుల్ని 1977లో జైల్లో పెట్టారు. వాళ్ళని వదిలిపెట్టమని అడుగుతూ వేరే దేశాల మెయిల్ ఆర్టిస్టులు ఉత్తరాలు రాశారు. అరచేతిలో పట్టే కాగితానికి ప్రభుత్వాలు కూడా భయపడ్డాయన్నమాట.

మన దగ్గరా ఈ అలవాటు ఉంది, ఆ పేరు లేదంతే. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ మామూలు పోస్టుకార్డుల మీద చకచకా బొమ్మలు వేసి శిష్యులకీ స్నేహితులకీ పంపేవారు. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చునే సంజీవదేవ్ గారు దేశవిదేశాల్లో ఎందరితోనో ఉత్తరాలతో స్నేహం నడిపారు. స్వయంగా చిత్రకారుడు. ఆయన లేఖలు పుస్తకంగా కూడా వచ్చాయి.

ముందు ఒక నోట్‌బుక్

నేరుగా కార్డు మీద పడితే చెయ్యి వణుకుతుంది. అందుకని ముందు ఒక పుస్తకంలో అలవాటు చేసుకోవాలి. దాన్ని ఆర్ట్ జర్నల్ అంటారు. డైరీలో మాటలు మాత్రమే ఉంటాయి, ఇందులో ఆరోజు జేబులో మిగిలినవన్నీ ఉంటాయి. బస్ టికెట్టు, బిస్కెట్ రేపరు, క్లాసులో గీసిన పిచ్చిగీత, మధ్యలో రెండు ముక్కల రాత. ఇలా రంగు, కాగితం, గుడ్డ, ముద్ర, అక్షరం అన్నీ ఒకే పేజీ మీద కలిస్తే దానికి మిక్స్‌డ్ మీడియా అని పేరు.

డాన్ ఎల్డన్ అనే కుర్రాడు నైరోబీలో పెరిగి ప్రెస్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1993లో సోమాలియాలోని మొగదిషులో విధి నిర్వహణలో ఉండగా అల్లరిమూక చేతిలో చనిపోయాడు. అప్పటికి 22 ఏళ్ళు. ఇంచుమించు మన వయసే. ఫోటోలు, మ్యాపులు, టికెట్లు, రంగులు కలిపి అతను నింపిన 17 పుస్తకాలు మిగిలాయి. వాటిలోంచి ఏరిన పేజీలు 1997లో అచ్చయ్యాయి. ఆ పేజీల్లో నీటుగా ఉన్నది తక్కువ. ఉక్కిరిబిక్కిరిగా ఉంటాయి. నాకు ధైర్యం ఇచ్చింది అదే.

జర్నల్‌కి కొత్త పుస్తకం కొనక్కర్లేదు. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు గుర్తున్నాయా? మినీ డ్రాఫ్టర్ మోసుకుంటూ తిరిగాం కదా. వాటి వెనకవైపు ఖాళీ. కాగితం మందంగా ఉంటుంది, తడికి ఓరుస్తుంది. వాటిని కోసి మధ్యలో దారంతో కుట్టుకుంటే పుస్తకం. 14 సెంటీమీటర్లు పొడవు, 9 సెంటీమీటర్లు వెడల్పు కోసుకుంటే పోస్టుకార్డు సైజు.

మిగతా సరుకు: ఫెవికాల్, గ్లూ స్టిక్, ఒక చిన్న తెల్ల ఆక్రిలిక్ రంగు సీసా, ఇంకేదైనా ఒక రంగు, పాత టూత్‌బ్రష్. అంటించడానికి పాత క్యాలెండరు కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, ఆదివారం అనుబంధాలు, గ్రాఫ్ పేపరు, టైలర్ దగ్గర పారేసే గుడ్డముక్కలు. తప్పులు కొట్టేసిన ల్యాబ్ రికార్డు పేజీలైతే ఇంకా బాగుంటాయి.

పేజీ ఎలా కట్టాలి

దీన్ని ఇల్లు కట్టినట్టు కింద నుంచి పైకి కట్టాలి.

మొదటిది నేల. తెల్లకాగితాన్ని చూస్తే భయం కదా, ముందు దాన్ని పాడుచేసేయండి. చిక్కటి టీ డికాక్షన్ పూసినా చాలు. రెండోది అతుకు. చింపిన కాగితాలు అంటించండి. కత్తెరకన్నా చేత్తో చింపితే అంచు మెత్తగా ఉండి కిందిదాంతో కలిసిపోతుంది. మూడోది పొర. తెల్ల ఆక్రిలిక్‌లో నీళ్ళు కలిపి పల్చగా అక్కడక్కడా పూయండి. అరుస్తున్న రంగులన్నీ గొంతు తగ్గించి వెనక్కెళ్తాయి. నాలుగోది ముద్ర, గీత. చివరిది రాత.

ఒక పొర ఆరాకే ఇంకోటి. ఆక్రిలిక్ ఒకసారి ఆరితే నీళ్ళకి కరగదు, పైన ఏం పూసినా కదలదు. వాటర్‌కలర్ అలా కాదు. ఎన్నిరోజులైనా తడి తగిలితే మళ్ళీ లేస్తుంది. అందుకే ఆక్రిలిక్ కింద, వాటర్‌కలర్ పైన.

కొన్ని సంగతులు మన సబ్జెక్టులతో చెప్తే తేలిగ్గా ఎక్కుతాయి.

*కాగితం ఎందుకు వంకరపోతుంది?* కాగితం అంటే నారపోగుల అల్లిక. తడి తగలగానే పోగులు ఉబ్బుతాయి, ఆరేటప్పుడు ముడుచుకుంటాయి. ఒకవైపే జిగురు పూస్తే రెండు వైపులూ సమానంగా కదలవు కాబట్టి షీటు వంగుతుంది. ఫిజిక్సులో రెండు లోహాల పట్టీ వేడికి వంగుతుంది చూడండి, ఇంచుమించు అదే కథ. మందు కూడా అందులోనే ఉంది: వెనకవైపు కూడా ఒక కాగితం అంటించండి. సగం ఆరాక పైన ప్లాస్టిక్ కవరు వేసి, ఆ పైన లావుపాటి టెక్స్ట్‌బుక్కులు పెట్టండి. ఎం3 పుస్తకం నాకు నిజంగా ఉపయోగపడింది ఇక్కడే.

*పసుపూ సున్నమూ.* పసుపు నీళ్ళు పూసి ఆరనివ్వండి. సున్నపు తేటలో కుంచె ముంచి దాని మీద గీయండి. గీత ఎర్రగా వస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. అమ్మవాళ్ళు కాళ్ళకి పెట్టే పారాణి ఇదే. కాకపోతే పసుపు ఎండకి వెలిసిపోతుంది. కిటికీ పక్కన పెట్టే బొమ్మకి వాడకండి.

*జిరాక్స్ అచ్చు.* జిరాక్స్ మిషను వేసే నలుపు ఇంకు కాదు, వేడికి కరిగి కాగితానికి పట్టుకునే ప్లాస్టిక్ పొడి. కార్డు మీద ఆక్రిలిక్ పల్చగా పూసి, జిరాక్స్‌ని బోర్లా అంటించి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున తడివేలితో మెల్లగా రుద్దితే కాగితం పొట్టులా ఊడొచ్చి నల్లటి బొమ్మ మాత్రం కార్డు మీద ఉండిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటుతో ఇది కుదరదు, కరిగిపోతుంది. అక్షరాలైతే ముందే తిరగేసి ప్రింటు తీయించండి. నేను మర్చిపోయి తన పేరు అంటించాను. అద్దంలో చూసినట్టు తిరగబడింది. అది ఏ భాషో నాకే తెలీలేదు.

*ముద్రలు.* పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో చెక్కితే స్టాంపు. ఇక్కడా అక్షరం తిరగేసే చెక్కాలి. అంత ఓపిక లేకపోతే మెస్సులో ఒక బెండకాయ అడగండి. అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు పడుతుంది.

పోస్టులో వెయ్యబోయే ముందు

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నా మొదటి కార్డు మూడు రోజులు కూర్చుని చేశాను. అడ్రసు కూడా అందంగా ఉండాలని స్కెచ్ పెన్నుతో రాశాను. డబ్బాలో వేసిన సాయంత్రమే వాన. అది ఈరోజుకీ చేరలేదు. అనుమానం వచ్చి అదే పెన్నుతో కాగితం మీద రాసి కుళాయి కింద పెట్టాను. పది లెక్కపెట్టేలోపు పేరు పోయింది, ఊరు పోయింది, పిన్‌కోడ్ పోయింది. తప్పు నాదే. నేను కార్డు పంపాననే అనుకుంటున్నాను, తనేమో నేను మెసేజులు కూడా మానేశానని అనుకుంటోంది. ఆ మూడు వారాలు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి జాగ్రత్తలు. అడ్రసు బాల్‌పెన్నుతోనే రాయండి, దాని వెనకాల బొమ్మ ఉండకూడదు. పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా కనిపించాలి. మన ఉత్తరం ముందు చూసేది దాన్నే. మొదటి అంకె 5 అయితే మన దక్షిణాది జోను, 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్, చివరి మూడంకెలు పంచే పోస్టాఫీసుని చెప్తాయి. 1972 నుంచి ఉన్న ఏర్పాటు ఇది.

పోస్టుకార్డు మీద గీతలు, రంగులు, ముద్రల వరకే ఉంచండి. అతుకులు, గుడ్డ, రేకు ఉన్నవైతే కవర్లో పెట్టండి. 20 గ్రాముల్లోపు కవరుకి 5 రూపాయల స్టాంపు చాలు. బరువు అనుమానంగా ఉంటే కౌంటర్లో తూకం వేయించండి. స్టాంపు తక్కువైతే ఆ బాకీ అందుకున్నవాళ్ళ నెత్తిన పడుతుంది. పూసలు, పిన్నులు, స్టేపుల్స్ వద్దు. ముద్ర కొట్టేవాళ్ళ చేతికి గుచ్చుకుంటాయి. సొంతంగా గీసిన ఉత్తుత్తి స్టాంపులు అంటించాలని సరదాగా ఉంటే వెనకవైపు అంటించండి, అసలు స్టాంపు చోట కాదు. ఇంకో మాట, పోస్టుకార్డుని దారిలో ఎవరైనా చదవొచ్చు. మా హాస్టల్లో అయితే వార్డెన్ మేడమ్ చదివి, అక్షరదోషం కూడా చెప్పి ఇస్తారు. గుట్టు ఉన్నవి కవర్లోకే.

సగం కార్డు

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. డ్రాయింగ్ షీటు ముక్క మీద ఎడమ సగమే నింపాను. మా రూము కిటికీలోంచి కనిపించే వాటర్ ట్యాంకు, బట్టలారేసే తాడు, తాడు మీద నా నీలం చున్నీ (నిజంగానే దాని అంచు కత్తిరించి అంటించాను). కుడి సగం ఖాళీ. కింద, "మిగతా సగం నువ్వు వెయ్యి. తొందరేం లేదు" అని రాశాను. రే జాన్సన్ దగ్గర కొట్టేసిన ఐడియానే. నా అడ్రసు రాసి స్టాంపు అంటించిన ఇంకో కవరు మడిచి లోపల పెట్టాను. తను పోస్టాఫీసుకి వెళ్ళి స్టాంపు కొనే పని కూడా ఉండకూడదు కదా. మొత్తం ఖర్చు 10 రూపాయల పైచిల్లర.

వాట్సాప్‌లో ఏమీ చెప్పలేదు. "అందిందా?" అని కూడా అడగలేదు. అది చాలా కష్టమైంది, బొమ్మ వెయ్యడం కన్నా.

పంతొమ్మిదో రోజు నా చేతిరాతతోనే ఉన్న కవరు నాకొచ్చింది.

నేను గీసిన తాడుని తను ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుని కార్డు చివరిదాకా లాగింది. దాని మీద ఆరేసినవి బట్టలు కావు. టాబ్లెట్ స్ట్రిప్పుల వెనక ఉండే వెండిరేకుని చిన్నచిన్న చొక్కాల్లా కత్తిరించి వరసగా అంటించింది. లెక్కపెట్టాను, పదకొండు. కింద ఒకే ముక్క: "ఇక్కడ రోజూ ఇంతే ఉతుకుడు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత మంచం మీద చాలాసేపు కూర్చుండిపోయాను. రెండు నెలల్లో నేనడిగిన "ఎలా ఉన్నావ్" లన్నిటికీ అది జవాబు. అడగడం మానేశాకే వచ్చింది.

బొమ్మలు వెయ్యడం వచ్చి ఉంటే నేను ఆ కార్డుని మొత్తం నింపేసి ఉండేదాన్ని. చూసి "బాగుంది" అని ఉండేది, అంతే. ఖాళీ ఉంచబట్టి తనకి చోటు దొరికింది. మెయిల్ ఆర్ట్‌లో నాకు అర్థమైన కిటుకు ఇదొక్కటే. నైపుణ్యం తక్కువైనా పరవాలేదు, అవతలి మనిషికి చోటు తక్కువ కాకూడదు.

ఆ తర్వాత అటూఇటూ ఏడు కార్డులు తిరిగాయి. ఈ ఏడాది తను జూనియర్ బ్యాచ్‌తో మళ్ళీ చేరింది. కార్డుల వల్ల చేరిందని నేను అనను. వాళ్ళ నాన్నగారు కోలుకున్నారు, అందుకు చేరింది. కానీ రూములోకి వచ్చి బ్యాగు దించగానే కిటికీ దగ్గరకెళ్ళి, "తాడు కొంచెం కిందకి గీశావే" అంది. మధ్యలో పోయిన నెలల గురించి ఎవరమూ మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది.

మీకూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. బ్యాక్‌లాగుల తర్వాత ఫోన్ ఎత్తని క్లాస్‌మేట్, ఇంటర్‌లో ప్రాణంగా ఉండి ఇప్పుడు స్టేటస్ మాత్రమే చూసే ఫ్రెండ్, మాట్లాడటం మొదలెడితే గొడవయ్యే అన్నయ్య. మన క్లబ్ తరఫున లైబ్రరీ నోటీసు బోర్డు పక్కన ఒక అట్టపెట్టె పెడుతున్నాం. అందులో డ్రాయింగ్ షీట్లు కోసిన ఖాళీ కార్డులు, ఒక గ్లూ స్టిక్, పాత క్యాలెండరు కాగితాలు ఉంటాయి. ఒకటి తీసుకోండి. సగం నింపండి. అడ్రసు మాత్రం బాల్‌పెన్నుతో రాయండి, బయట వానలు మొదలయ్యాయి.